నాలుగో అభ్యంతరం

తారామణి మొదలుపెట్టిన పారాయణం మధ్యలో ఆగడం నాచారంలో ఎవరూ చూడలేదు. జ్వరమొచ్చినా ఆగలేదు, పక్కవీధిలో బోరు వేస్తున్న రొదలోనూ ఆగలేదు. అలాగని ధైర్యవంతురాలనుకునేరు! బల్లి మీద పడితే కాలనీ సగం లేచివచ్చేలా కేకలు పెట్టే మనిషి. ఫోను మోగితే ఎత్తేలోపల ముక్కోటి దేవతలకూ దణ్ణం పెట్టుకునే మనిషి. కాకినాడ వైపు పిల్ల, భర్త విశ్వనాథం ఉద్యోగం వెంట ఈ ఊరొచ్చి, కొన్నేళ్లు ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి, ఆ బడి మూతపడ్డాక కాలనీ కమ్యూనిటీ హాల్లో శుక్రవారం సాయంత్రాలు లలితా సహస్రనామ పారాయణం పెట్టుకుంది. ఇంతటి పిరికిమనిషి పోయి పోయి ఢిల్లీలో చేసిన కరెంటు చట్టం మీద పడిందంటే ఎవరు నమ్ముతారు? అమ్మవారే చేయించిందని ఎదురింటి త్రిపురసుందరి ఇప్పటికీ అంటుంది. అమ్మవారి దాకా ఎందుకు, కరెంటే చేయించింది.

తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు మాట. అప్పట్లో కరెంటు వచ్చే వేళకు నికరం లేదుగానీ పోయే వేళకు మాత్రం ఉండేది. నాచారం పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీలకు వారంలో కొన్ని రోజులు పవర్ హాలిడే అన్నారు. పేరుకు కరెంటుకే సెలవు, ఆ రోజుల్లో కూలికీ సెలవే. పాత నాచారంలో సాలమ్మ పిండిగిర్ని ముందు జొన్నల డబ్బాలూ బియ్యం డబ్బాలూ వరసలో ఉండిపోయేవి, మనుషులు మాత్రం విసిగి ఇళ్లకు పోయేవారు. సాలమ్మ భర్త బుచ్చిరాములు గడప మీద కూర్చుని బీడీ కాలుస్తూ, కరెంటొస్తే గిర్ని తిప్పుదామని తీగల వంక చూస్తూ ఉండేవాడు.

సాలమ్మకు సంస్కృతం రాదు, పారాయణానికి మాత్రం తప్పకుండా వచ్చేది. విని విని ఆమెకూ నామాలన్నీ నోటికొచ్చాయి. ఒక శుక్రవారం ఆమె కరెంటు బిల్లు పట్టుకుని వచ్చింది. రెండేళ్ల కిందట వాడిన కరెంటుకు ఇంధన సర్‌చార్జీ అని అందులో కొత్తగా ఒక గీత చేరింది.

"ఏంది తారమ్మా గిది? రెండేండ్ల కింద తిన్న బువ్వకు గిప్పుడు ఉప్పు పైసలడుగుతున్నరు! సోయుండే అడుగుతున్నరా?"

"చట్టంలో ఉందిట," అంది త్రిపురసుందరి. ఆమె భర్త హబ్సిగూడలో కేంద్ర ప్రభుత్వ పరిశోధనశాలలో సైంటిస్టు. ఇంట్లో ఏ సంగతి అడిగినా ఆయన చెప్పే జవాబు అదేనట.

"ఏ సట్టం? యాడున్నది? జర సూపెట్టమను."

చూపించమంటే ఎవరు చూపిస్తారు? ఆ చట్టాన్ని అక్కడున్నవాళ్లలో ఎవరూ చూడలేదు. తారామణికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు కోఠీ పోయి, లా పుస్తకాలమ్మే కొట్లో బెరుకు బెరుకుగా అడిగి, రెండువేల మూడో సంవత్సరపు విద్యుత్ చట్టం కొనుక్కొచ్చింది. సన్నటి పుస్తకం, చీమతలకాయలంత అక్షరాలు, నూట ఎనభై అయిదు సెక్షన్లు.

"వెయ్యి నామాలు నోటికొచ్చినవాళ్లం. నూట ఎనభై అయిదు మనకో లెక్కా?" అంది పైకి. లోపల మాత్రం గుండె పీచుపీచుమంటోంది.

ఇక చూడండి వాళ్ల చదువు! సహస్రనామం అయి హారతి ఇచ్చాక చట్టం తెరిచేవారు. తారామణి ఒక సెక్షను ఇంగ్లీషులో చదివి, నిఘంటువు చూసి తెలుగులో చెప్పేది. మిగతావాళ్లు ఆ తెలుగుమాట తిరిగి చెప్పేవారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. చీకట్లో పుస్తకం కనబడదు కాబట్టి ముఖ్యమైనవన్నీ వల్లె వేసి నోటికి పట్టేశారు. పారాయణం నియమాలే దానికీ పెట్టుకున్నారు. ముందు చెప్పేవాళ్లకు ఊపిరి అందకపోతే వెనకవాళ్లు అందుకోవాలి. ఒక నామం దాటిపోతే దోషం, అందరూ కలిసి వెనక్కి వెళ్లి ఆ నామం చెప్పుకునే ముందుకు రావాలి.

అలా చదువుతూ చదువుతూ అరవై నాలుగో సెక్షను దగ్గరికొచ్చారు. కరెంటు ధర తేల్చే ముందు విద్యుత్ నియంత్రణ కమిషన్ జనం అభ్యంతరాలు కూడా చూడాలని అందులో ఉంది.

"మనల్ని అడగాలని రాసిందా అందులో?" అంది త్రిపురసుందరి.

"మరి మనల్ని ఎన్నడడిగిన్రు?" అంది సాలమ్మ.

అడిగారు. పేపర్లో మూలన చిన్న ప్రకటన వేసి ఏటా అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రకటనలు చదివేది కంపెనీలవాళ్లు, వాళ్ల సంఘాలవాళ్లు, వాళ్ల వకీళ్లు. చట్టం జనానికి కుర్చీ వేసి పెట్టింది, జనం వెళ్లి కూర్చోలేదు. ఖాళీ కుర్చీ కనబడితే ఎవడు మాత్రం ఊరుకుంటాడు?

ఈసారి ప్రకటన వాళ్ల కంటబడింది. కాకినాడ వైపు గ్యాసుతో నడిచే ఒక ప్రైవేటు ప్లాంటు కమిషన్‌కు అర్జీ పెట్టుకుంది. ఏడాది పొడుగునా మా యంత్రం సిద్ధంగానే ఉంది, గ్యాసు రాకపోతే మా తప్పా, కరెంటు తీయకపోయినా మాకు రావలసిన స్థిరచార్జీ ఇప్పించండి అని. ఇప్పిస్తే అది చివరికి పడేది జనం బిల్లుల మీదే. ఇది తారామణి ఎంత విడమరిచి చెప్పినా ఆడవాళ్లకు మింగుడుపడలేదు. చివరికి సాలమ్మే తేల్చింది.

"ఆటోను ఇంటిముంగట నిలవెట్టుకుంటే, ఎక్కినా ఎక్కకున్నా వెయిటింగ్ చార్జీ ఇయ్యాలె. గంతే గద?"

"అంతే."

"మరి ఆటో టైరు ఊడి ఉంటే?"

అప్పుడు వెలిగింది తారామణికి. ఆ ప్లాంటు ఉన్న ఊరు ఆమె పిన్నివాళ్ల ఊరికి పక్కదే. శ్రావణమాసంలో అక్కడ కరెంటు తీసే టర్బైనును మరమ్మతుకని విప్పి నేలమీద పరిచారని ఎవరో చెప్పగా విన్నది. ఎవరు చెప్పారో గుర్తులేదు. పిన్ని ఫోనులో చెప్పిందేమో అనుకుంది. వంట చేస్తూ విన్న మాటల్లో సగం పోపులోనే కలిసిపోతాయి కదా! దాన్నే నాలుగో అభ్యంతరంగా రాసింది. మొత్తం అయిదు అభ్యంతరాలు. సాలమ్మ ఆటో కూడా అందులోకి ఎక్కింది.

రాశాక సంతకాలు. ఇక్కడే కొంప మునిగింది. కమిషన్ అడిగింది పేరూ చిరునామా, అంతే. కానీ వీళ్లు గుళ్లో అర్చనకు పేర్లిచ్చి ఇచ్చి అలవాటుపడ్డ మనుషులు. అర్చనకు ఇంటి యజమాని పేరు ముందు చెప్పకపోతే పూజారి ఊరుకుంటాడా? అందరూ ఆ వరసలోనే రాసేశారు. బుచ్చిరాములు, భార్య సాలమ్మ. అందరికంటే పైన, గుండ్రటి బడిపంతులమ్మ అక్షరాల్లో, విశ్వనాథం, భార్య తారామణి. గోత్రాలు కూడా రాయబోతే త్రిపురసుందరి ఆపింది, అదొక్కటీ నయం. కాగితం రిజిస్టర్డ్ పోస్టులో కమిషన్‌కు వెళ్లింది. నియమం ప్రకారం ఒక నకలు కంపెనీకీ పంపారు.

తర్వాత వారంలో ఒక సాయంత్రం విశ్వనాథం పెందలాడే ఇంటికొచ్చాడు. ఆయన నాచారంలోనే ఒక కేబుళ్ల ఫ్యాక్టరీలో అకౌంట్స్ మేనేజరు. మెత్తటి మనిషి. ఆకు మీద కూర కాస్త ఉప్పెక్కువైనా మారుమాటాడకుండా తినేసేవాడు. తారామణి పొద్దున్నే కట్టిన క్యారేజీ సాయంత్రానికి ఖాళీగా రాకపోవడం పెళ్లయ్యాక ఎన్నడూ లేదు. ఆరోజు గిన్నెలన్నీ కట్టినవి కట్టినట్టే వచ్చాయి.

"ఏవండీ, ఒంట్లో బావులేదా?"

ఆయన కుర్చీలో కూలబడి సంచిలోంచి ఒక కాగితం తీశాడు. తారామణి రాసిందే, కంపెనీకి పంపిన నకలు.

"ఇది మీ దగ్గరికెలా వచ్చింది?"

"మా ఓనరు రామచంద్రరావుగారు పిలిచి చేతిలో పెట్టారు. ఆ ప్లాంటు కూడా ఆయనదే తారా. పేరు వేరు, మనిషి ఒకడే. రెండింటి లెక్కలూ నేనే చూస్తాను."

"అయ్యో రామ! నాకు ఒక్కనాడైనా చెప్పారా?"

"చెప్పడానికేముంది, ఆఫీసు గొడవలు. అది కాదు. ఈ నాలుగోది, టర్బైను విప్పారన్నది, ఎవరు చెప్పారు నీకు?"

"పిన్ని అనుకుంటా."

"మీ పిన్నికి టర్బైనంటే ఏమిటో తెలుసా?"

అప్పుడు గుర్తొచ్చింది తారామణికి. శ్రావణంలో ఈయన కాకినాడ వెళ్లి కాజాల డబ్బాతో వచ్చాడు. కేబుళ్ల ఫ్యాక్టరీవాళ్లు కేబుళ్లమ్మడానికి కాక ఎందుకు వెళ్తారు అనుకుంది తను. కాజా కొరుకుతూ ఆయనే అన్నాడు, 'టర్బైను మొత్తం విప్పి నేలమీద పరిచారే, పెళ్లివారింట్లో గిన్నెలు పరిచినట్టు' అని.

"మీరే చెప్పారు," అంది నీరసంగా.

"నేనే చెప్పాను," అన్నాడు విశ్వనాథం. "పైన నా పేరు కూడా రాసి మరీ పంపావు. ఆ నెలంతా యంత్రం సిద్ధంగా ఉందని కమిషన్‌కు ఇచ్చిన లెక్క మీద సంతకం ఎవరిదనుకున్నావు? అదీ నాదే."

తారామణి అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయింది.

రామచంద్రరావు అరిచే మనిషయితే ఎంత బాగుండేది! అరిస్తే ఎదురుచెప్పొచ్చు, లేదా ఏడవొచ్చు. ఆయన ఆ శుక్రవారం స్వయంగా హాలుకొచ్చి, చెప్పులు బయటే విప్పి, అమ్మవారి పటానికి దణ్ణం పెట్టుకుని, ప్రసాదం కళ్లకద్దుకుని తిన్నాడు. వెనకాల చేతులు కట్టుకుని విశ్వనాథం. తారామణి భర్త కాబట్టి దారి చూపడానికి తోడొచ్చాడనుకున్నారు మిగతా ఆడవాళ్లు.

"అమ్మా, మీలాంటి ఇల్లాళ్లు చట్టం చదవడం నిజంగా నాకెంతో సంతోషం. తప్పకుండా అడగండి, అన్నీ అడగండి. ఆ నాలుగోది మాత్రం కాస్త సాంకేతికమైన విషయం. మీకు అనవసరమైన తలనొప్పి." తారామణి ఒక్కదానికే వినబడేలా గొంతు తగ్గించాడు. "విశ్వనాథం మా ఇంట్లో మనిషి లాంటివాడు. అతనికి మాటొస్తే నాకూ బాధే."

కరెంటు లేక మీరు ఇబ్బంది పడుతున్నారని విన్నాను, హాలుకో ఇన్వర్టర్ పంపిస్తానని చెప్పి వెళ్లాడు. అన్నట్టే మర్నాడు దిగింది, కంపెనీ పేరున్న అట్టపెట్టెతో సహా. ఆడవాళ్ల సంబరం చూడాలి! సాలమ్మ ఒక్కతే పెట్టె చుట్టూ తిరిగి చూసి మూతి విరిచింది.

"గీళ్లకు మనమంటే గింత పావురం, గింత ప్రేమ ఎందుకొచ్చినట్టు? కాయితం పోంగనే ఇన్వర్టర్ వచ్చె. ఉత్తగనే ఇస్తరా ఎవరన్న?"

విప్పుదామని ఎవరూ గట్టిగా అనలేదు, తిప్పి పంపుదామనీ ఎవరికీ నోరు రాలేదు. పెట్టె మూలన ఉండిపోయింది. పారాయణానికొచ్చినవాళ్లు దాని మీద సంచులు పెట్టుకునేవారు. కొవ్వొత్తి వెలుతుర్లోనే అయిదు అభ్యంతరాలూ వల్లె వేస్తూ పోయారు. కమిషన్ ముందు తారామణి చదవాలి, మిగతావాళ్లు వెనక నిలబడాలి అని ఖాయం చేసుకున్నారు.

ఆ రోజులు తారామణి ఎలా గడిపిందో ఆమెకే తెలియాలి. క్యారేజీ కట్టేది, అది సాయంత్రానికి సగం సగంగా తిరిగొచ్చేది. విశ్వనాథం గట్టిగా ఒక్క మాటనలేదు, అదే ఎక్కువ బాధ. ఒకరోజు బీపీ మాత్ర వేసుకున్నానో లేదో మర్చిపోయి ఆయన రెండోది వేసుకోబోతే, తారామణి చేతిలోంచి లాక్కుంది. ఆఫీసులో ఆయన బల్ల పక్కన కొత్తగా ఇంకొకరికి కుర్చీ వేశారట. ఎందుకో ఎవరూ చెప్పలేదట. యాభై దాటిన మనిషికి ఇంకెవరిస్తారు ఉద్యోగం? అదీ లెక్కల మీద మచ్చ పడ్డాక? ఒకవేళ దొంగలెక్క రాశాడని ఈయన మీదే తోస్తే? పోలీసులూ కోర్టులూ అంటే? ఎదురుగా వచ్చే ప్రతి జీపూ తమ ఇంటికేననిపించేది.

ఇంకోవైపు సాలమ్మ. గిర్ని దగ్గర కనబడితే చాలు, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చేది.

"తారమ్మా, నాలుగోది జర గట్టిగ సదువు. గదే మస్తుగున్నది. నా ఆటో ముచ్చట ఇనంగనే వాళ్ల మొకాలు సూడాలె నేను. తెలంగాణ ఎప్పుడొస్తదో గని, గీ ఒక్క దినం నేను మనిషినన్నట్టు ఆడ నిలవడ్త."

తారామణి నవ్వడానికి ప్రయత్నించి, బియ్యప్పిండి మర్చిపోయి ఇంటికొచ్చేసేది.

విచారణకు ముందురోజు విశ్వనాథం నోరు విప్పాడు. పెరట్లో తులసికోట దగ్గర చెంబుతో నీళ్లు పోస్తూ, ఆమె వైపు చూడకుండా అడిగాడు.

"ఆ ఒక్కటీ వదిలెయ్యి తారా. నేనెప్పుడూ నిన్నేదీ అడగలేదు."

నిజమే, అడగలేదు. కూరలో ఉప్పు గురించి కూడా అడగలేదు.

"సరేనండీ," అంది. అన్నాక లోపలికెళ్లి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈ సంగతి సాలమ్మకు గానీ త్రిపురసుందరికి గానీ చెప్పడానికి ధైర్యం చాలలేదు. మూడోది అయ్యాక గబుక్కున అయిదోది అందుకుంటే, అంత జనంలో, ఆ కంగారులో ఎవరు పట్టించుకుంటారులే అనుకుంది.

విచారణ లక్డీకాపూల్ దగ్గర ఒక పెద్ద హాల్లో. ఆడవాళ్లంతా పట్టుచీరలు కట్టి, బొట్లు పెట్టుకుని, పెళ్లికి వెళ్తున్నట్టు బస్సెక్కారు. లోపల ఏసీ చలికి సాలమ్మ కొంగు నిండా కప్పుకుంది. ముందు వరసలన్నీ కోట్లూ టైలూ. అక్కడే రామచంద్రరావు, పక్కన నల్లకోటు వకీలు. వకీలు వెనక కుర్చీలో, ఒళ్లో ఫైళ్లు పెట్టుకుని విశ్వనాథం. తారామణి అటు చూడకూడదనుకుంది. చూడకుండా ఉండలేకపోయింది. ఆయన తల వంచుకుని ఫైలు తాడు విప్పుతూ ముడేస్తూ ఉన్నాడు.

పేరు పిలిచారు. విశ్వనాథం భార్య తారామణి, నాచారం. అలా రాసింది కదా, అలాగే పిలిచారు. ముందు వరసలో ఎవరో చిన్నగా నవ్వారు. తారామణి మైకు ముందుకెళ్లింది, వెనకాల ఆడవాళ్లు పారాయణంలో నిలబడ్డట్టు బారుగా నిలబడ్డారు.

"తెలుగులోనే చెప్పండమ్మా, పర్వాలేదు," అన్నారు పైన కూర్చున్న చైర్మన్.

మొదటిది చెప్పింది. రెండోది చెప్పింది. మూడోది ఎలా అయిందో తెలియలేదు. చేతిలో కాగితం తడిసి మెత్తబడింది. కళ్లు మూసుకుంది.

"అయిదు," అంది.

"నాలుగు!" అంది వెనకనుంచి సాలమ్మ.

అనాలని అన్నది కాదు. నామం దాటిపోతే నోరు దానంతటదే అంటుంది. ఆ వెంటనే త్రిపురసుందరి అందుకుంది, ఆ వెంటనే అందరూ. పాపం, తారమ్మకు భయంతో ఊపిరందలేదనుకున్నారు వాళ్లు. ఒకే శ్రుతిలో, హాలంతా మారుమోగేటట్టు చెప్పుకుపోయారు.

"నాలుగు. ఏడాది పొడుగునా యంత్రం సిద్ధంగా ఉందనీ, గ్యాసు రాకే నడవలేదనీ కంపెనీ అంటున్నది. శ్రావణమాసంలో టర్బైను విప్పి నేలమీద పరిచి ఉన్నది. విప్పిన యంత్రం సిద్ధంగా ఉన్నట్టు ఎట్లా అవుతుంది? టైరు ఊడిన ఆటోకు వెయిటింగ్ చార్జీ మేమెందుకు కట్టాలి?"

ఆపమని తారామణి వెనక్కి తిరిగి చెయ్యెత్తింది. ఊపు సరిపోలేదనుకున్నారో ఏమో, ఆఖరి మాట ఇంకోసారి చెప్పారు. హాలంతా గొల్లున నవ్వింది. చైర్మన్ కూడా నవ్వాపుకోలేకపోయారు. తారామణి ఒక్కతే నవ్వలేదు. ఆమె మైకు కొయ్య పట్టుకుని నిలబడింది.

నల్లకోటు లేచాడు. ఇది ఆధారంలేని ఆరోపణ అన్నాడు. గృహిణులు వినికిడి మాటలు పట్టుకొస్తే కమిషన్ విలువైన సమయం వృథా అన్నాడు. ప్లాంటు సిద్ధంగా ఉన్నట్టు ధ్రువీకరించిన లెక్క కమిషన్ ముందే ఉందన్నాడు.

"ధ్రువీకరించిందెవరు?" అని అడిగారు చైర్మన్.

"అకౌంట్స్ మేనేజర్, సర్. ఇక్కడే ఉన్నారు."

విశ్వనాథం లేచాడు. ఒళ్లోని ఫైళ్లు కిందపడ్డాయి, తీసుకోలేదు. రామచంద్రరావు వెనక్కి తిరిగి ఆయన వంక ప్రసన్నంగా చూసి, చెప్పవయ్యా అన్నట్టు తల ఊపాడు. విశ్వనాథం ఆయన్ని చూడలేదు. మైకు కొయ్య పట్టుకుని నిలబడ్డ భార్యను చూశాడు. మాటిచ్చింది, మాట ప్రకారం దాటేసింది. పరాయి మైకు ముందు, జన్మలో మొదటిసారి, చదువుతున్నది మధ్యలో వదిలేసింది. అదీ తన కోసం. ఆ సంగతి ఆ హాల్లో ఆయన ఒక్కడికే తెలుసు.

"సంతకం నాదే సార్," అన్నాడు. ఒకసారి దగ్గి మళ్లీ చెప్పాడు. "సంతకం నాదే. మెషీను మాత్రం విప్పి ఉంది. ఆ నెల నేను వెళ్లి కళ్లారా చూశాను. చూశాక కూడా సంతకం పెట్టాను."

వకీలు ఏదో అనబోతే చైర్మన్ చెయ్యెత్తి ఆపి, ప్లాంటు రికార్డులన్నీ తెచ్చి చూపించమని కంపెనీకి చెప్పి, పక్కనున్నాయన చేత రాయించారు. తర్వాత తారామణి వైపు తిరిగారు.

"అయిదోది కూడా చదివెయ్యండమ్మా."

చదివింది. ఏం చదివిందో ఆమెకు తెలియదు. తప్పుల్లేవని త్రిపురసుందరి తర్వాత చెప్పింది.

బయటికొచ్చేసరికి కంపెనీ కారు వెళ్లిపోయింది. విశ్వనాథం ఫుట్‌పాత్ మీద చేతిలో ఏమీ లేకుండా నిలబడి ఉన్నాడు. ఎటు వెళ్లాలో తెలియనట్టు చూస్తుంటే సాలమ్మే వెళ్లి పిలిచింది. ఆమెకు అప్పటికి సంగతంతా అర్థమైంది, మొహంలో నెత్తురుచుక్క లేదు.

"రా అన్నా, మనతోనే రా. నాకు తెల్వదన్నా, నీ నౌకరీ ముచ్చటని నాకు నిజంగ తెల్వది. తెలిస్తే నోరు తెరుస్తుంటినా?"

"తెలియకపోవడమే మంచిదైంది సాలమ్మా," అన్నాడు విశ్వనాథం.

బస్సులో తారామణి పక్కన ఆయనకు చోటిచ్చారు. తార్నాక దాటింది. హబ్సిగూడ దగ్గర మెట్రో గుంతల మూలాన బస్సు ఆగి ఆగి పోతోంది. తారామణి ఒళ్లో మడిచిపెట్టిన కాగితం వంకే చూస్తోంది. పోలీసులొస్తారా, వీధిన పడతామా, ఈయన నన్ను క్షమిస్తాడా అని ఒకటే గుంజాటన. మొగుణ్ణి నమ్మించి మోసం చేసినట్టయిందే అని కుమిలిపోతోంది.

"నేను దాటేశానండీ," అంది చివరికి, కన్నీళ్లు కారిపోతుంటే. "ఒట్టు, నేను దాటేశాను."

"చూశాను తారా."

కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"రేపటినుంచి నాకు క్యారేజీ కట్టకు."

ఇన్నాళ్లూ ఏ మాటకైతే భయపడి చచ్చిందో ఆ మాట అదే. తారామణి తలూపింది. ముందు సీట్లోంచి సాలమ్మ వెనక్కి తిరిగి, సంచిలోంచి మూట తీసి ఆయన చేతుల్లో పెట్టింది. పొద్దున చేసుకొచ్చిన జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం. తడి ఆరి గట్టిబడి ఉన్నాయి. విశ్వనాథం ఒకటి తుంచుకుని తిన్నాడు. ఇంకోటి తీసుకున్నాడు. కారం ఎక్కువైనట్టుంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, మారుమాటాడకుండా మొత్తం తినేశాడు.